ఆషాఢంలో ఆగిన సర్వర్

ఆషాఢం రాగానే నన్ను మహబూబ్‌నగర్‌లో మా అమ్మవాళ్లింటికి పంపించారు. అత్తా, కొత్త కోడలూ ఆ నెలంతా ఒకే ఇంట్లో ఉండకూడదు కదా. మా ఆయన సాయికిరణ్ దువ్వెన పొరపాటున నా సంచిలో వచ్చిందని కూడా మురిసిపోయే రోజులవి.

బయల్దేరే ముందు ఒక పెద్ద పని చేశాను. రామన్నపేట దగ్గర మా అత్తగారింటి వసారాలో రెండు పాత కంప్యూటర్లు సర్వర్లుగా నడుస్తాయి. గొర్ల దొంగతనాలు పెరిగాక సాయి పెట్టిన కెమెరాల వీడియోలన్నీ వాటిలోకే వెళ్తాయి. వాటి ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడి అప్‌డేట్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. అందుకని గొర్ల దొడ్డి కెమెరాలున్న సర్వర్‌లో కొత్తది ఎక్కించాను. అది బాగా నడిస్తే ఇంటి ముందరి కెమెరాలున్న రెండోదానికీ ఎక్కిద్దామనుకున్నాం.

నేనిలా వచ్చానో లేదో, కొత్తది ఆగిపోవడం మొదలైంది. అదీ సాయంత్రాలే. సాయి నల్లగొండలో డ్యూటీ నుంచి ఇంకా రాడు కాబట్టి అత్తమ్మ యాదమ్మే నాకు ఫోన్ చేసేది.

"బిడ్డా, మళ్ల బందయింది. ఏం నొక్కాల్నో జర చెప్పు."

చెప్పేదాన్ని. అది లేచేలోపు ఏం కూర వండామో, నా గోరింటాకు పండిందో లేదో అడిగేది.

మామయ్య దుర్గయ్యకు ఓపిక పోయింది. ఒకరోజు ఫోన్ తీసుకుని, "పాతది మంచిగనే ఉండె గదా. ఆదివారం సాయిగానితోని మళ్ల పాతదే ఎక్కియ్యమంట. గొర్రె పోతే నీ చదువు తెచ్చిస్తదా?" అన్నాడు.

ఆ ఇంట్లో నేను సొంతంగా చేసిన మొదటి పని అది. అదే చెడిపోయిందంటే ఇక నన్నెవరు నమ్ముతారు? బాగా నడిపి చూసిగానీ నేను బయల్దేరలేదు. ఎవరో కావాలనే ఆపుతున్నారు.

ముందు దొంగలనుకున్నాను. దొంగలైతే ఈపాటికి గొర్రె పోయేది. తర్వాత, నాతో మాట్లాడాలని సాయే ఆపుతున్నాడేమోనని అడిగేశాను.

"గా టైముకు నేను బస్సుల ఉంట. నీకు గంత ఆశెందుకే?" అని నవ్వాడు.

ఇక మిగిలింది మామయ్య. ఆయనకు కుక్క మీదున్న నమ్మకం కెమెరా మీద లేదు.

ఎవరికీ చెప్పకుండా ఇంటి ముందరి కెమెరా ఒకటి సర్వర్ల స్విచ్చుల వైపు తిప్పమని సాయికి చెప్పాను. మర్నాడు సాయంత్రం రెండు చేతులకూ గోరింటాకు పెట్టుకుని, ఫోన్‌ను చెంబుకు ఆనించి చూస్తూ కూర్చున్నాను. మామయ్య వచ్చాడు. భుజం మీది గొంగడి దండెం మీదేసి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అత్తమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసి టక్కున దొడ్డి సర్వర్ స్విచ్ తీసేసి, రొంటిలోంచి ఫోన్ తీసింది.

నేను చూస్తున్న ఫోనే మోగింది. వేలి కణుపుతో నొక్కి ఎత్తాను.

"బిడ్డా, మళ్ల బందయింది."

"మీరే స్విచ్ తీసిన్రు అత్తమ్మా. నేను చూసిన."

అత్తమ్మ గబుక్కున మళ్లీ స్విచ్ వేసేసింది.

"నేను చేసిన పని మీకు నచ్చలేదా? చెప్పున్రి."

"గట్ల కాదు బిడ్డ. నువ్వు పోయినంక ఇంట్ల మాట్లాడెటోల్లే లేరు. ఊకె ఫోన్ చేస్తే, నెలరోజులు గూడ ఆగలేకపోతాందని మీ మామ నవ్వుతడు. మిషిని చెడితే ఏమనడు గద."

"ఆదివారం నేను పెట్టింది తీసేస్తరట."

"ఎట్ల తీస్తడో చూస్త," అంది. మరుక్షణం దొడ్డి వైపు ఆమె కేక వినిపించింది. "ఏమయ్యా, కోడలు పెట్టింది మంచిగనే ఉన్నది. రోజూ బంద్ చేసేది నేనే. నవ్వుతవా, నవ్వు."

మామయ్య నిజంగానే నవ్వాడు. ఆ నవ్వు ఆగాక ఫోన్‌లోకి వచ్చి, "శ్రావణంల వచ్చినంక రెండోదానికి గూడ ఎక్కియ్యి బిడ్డ," అన్నాడు.