మహా అయితే

"ఒక్క మాట రాయడానికి రోజంతా ఆఫీసులో కూర్చోవాలా నువ్వు?" అన్నాడు మా ఆయన రఘురామ్, నేను అతని చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. నేను పంజాగుట్టలో ఒక ప్రకటనల కంపెనీలో పనిచేస్తాను. ఇంగ్లీషులో వచ్చిన ప్రకటనల్ని తెలుగు చేస్తాను. ఆఫీసులో దాన్ని ట్రాన్స్‌లేషన్ అంటారు, మా ఇంట్లో "ఏదో టైపింగ్" అంటారు. మా నాన్న రాఘవయ్య చీరాలలో మగ్గం నేసేవాడు. మా వంశంలో డిగ్రీ పట్టా చేత్తో పట్టుకున్న మొదటి మనిషిని నేను. పట్టా వచ్చిన రోజు నాన్న దాన్ని నా చేత పైనుంచి కిందిదాకా చదివించుకున్నాడు. అయిపోయిందనుకుని మడవబోతుంటే, "ఆ అడుగున చిన్నక్షరాలేంటమ్మా? అవీ చదువు, వాటికీ కట్టాంగా ఫీజు" అన్నాడు. అవి అచ్చువేసిన ప్రెస్సు పేరు. అదీ చదివాను. అప్పట్నించీ అడుగున ఉన్న అక్షరాలు వదిలెయ్యడం నాకు చేతకాదు.

ఒక్కచోట మాత్రం ఆ అడుగు అక్షరాలు ఎవరూ నాకు చదివి వినిపించలేదు. పెళ్ళిచూపుల్లో మా మామగారు, అప్పటికింకా బతికే ఉన్నారు, "అమ్మాయి ఏ ఉద్యోగం చేసుకున్నా మాకు అభ్యంతరం లేదండీ" అన్నారు. నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది హోర్డింగు మీది మాట అని నాకు తర్వాత తెలిసింది. కింది వరసలు కాపురానికొచ్చాక ఒక్కొక్కటిగా కనపడ్డాయి. టిఫినూ క్యారేజీలూ అయ్యాకే ఉద్యోగం. దీపాలవేళకి ఇంట్లో ఉంటేనే ఉద్యోగం. ఎవరికైనా జ్వరమొస్తే సెలవు నాదే. చీరాల వెళ్ళాలంటే ఎవరూ వద్దనరు. కాకపోతే వెళ్ళేముందు ఇడ్లీపిండి రుబ్బి, కందిపొడి కొట్టి, చొక్కాలన్నీ ఇస్త్రీచేసి తగిలించి, వచ్చాక విడిచిన బట్టల గుట్ట ఉతకాలి. ఎవరూ అబద్ధం చెప్పలేదు. గేటు దాటితే నాకు రోమింగ్ పడుతుందని చెప్పలేదు, అంతే.

ఆ రోమింగ్ అన్న మాట నాకు ఆఫీసులో తగిలింది. అప్పుడప్పుడే ల్యాప్‌టాప్‌కి గుచ్చుకుని ఎక్కడైనా ఇంటర్నెట్ చూసుకునే డేటా కార్డులు వస్తున్న రోజులు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే పిల్లలంతా వాటి కోసం ఎగబడేవాళ్ళు. వాటిని అమ్మే కంపెనీ ఒకటి మా క్లయింటు. వాళ్ళ మొదటి కరపత్రం మీద 'దేశమంతా వాడుకోండి' అని ఉండేది, పక్కన ఒక నక్షత్రం గుర్తు. ఆ గుర్తుకి అర్థం కరపత్రం అట్టడుగున, చీమతలకాయలంత అక్షరాల్లో: రాష్ట్రం దాటితే రోమింగ్, రేటు వేరు.

రఘురామ్ అమీర్‌పేటలోనే ఒక కోచింగ్ సెంటర్లో జావా చెబుతాడు. ట్రైనింగని బెంగుళూరు వెళ్తూ కార్డు పెట్టుకున్నాడు. బట్టలు సర్దుతూ, "అక్కడ రోమింగ్ పడుతుందేమోనండీ" అన్నాను. "నెట్ సంగతి నాకు చెప్తున్నావా? నువ్వు ఆ టవల్ పెట్టు చాలు" అన్నాడు. బిల్లొచ్చిన రోజు ఇల్లెగిరిపోయేలా అరిచాడు.

"దేశమంతా అని రాసింది మీరే కదా! జనాన్ని ముంచి బతకడం కూడా ఒక ఉద్యోగమేనా?"

"కింద రాసుందండీ."

"అంత చిన్నక్షరాలు ఎవడు చదువుతాడు?"

ఆ మాట మాత్రం నిజమేననిపించింది. అందుకే దాచుకున్నాను.

అదే కంపెనీ ఈసారి పంజాగుట్ట చౌరస్తాలో పెద్ద హోర్డింగు వేస్తానంది. ఇంగ్లీషులో స్పీడు 'అప్ టు 3.1 ఎంబీపీఎస్' అని వచ్చింది. నేను '3.1 ఎంబీపీఎస్ వరకు' అని రాశాను. బొమ్మలు వేసే లుబ్నా నా బల్ల దగ్గరికొచ్చింది. ఖైరతాబాద్ అమ్మాయి, నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది.

"సంహితా, గీ 'వరకు' యాడ పెట్టాలె? అంకె గింత పెద్దగ పెట్టమన్నరు, జాగ లేదు. కింద చిన్నగ పడేస్త."

"కింద పెడితే ఎవరైనా చూస్తారా?"

"ఎట్ల చూస్తరు యార్? నంబర్ చూసి దిల్ ఖుష్ అయినంక, గా వరకు ఎవనికి గావాలె?"

నవ్వుతూ అన్న మాట నన్ను పట్టేసింది. ఇంగ్లీషులో 'అప్ టు' అంకెకి ముందొస్తుంది, హెచ్చరించి మరీ లోపలికి పంపిస్తుంది. మన తెలుగులో 'వరకు' వెనకాల వస్తుంది. అప్పటికే మనిషి నమ్మేశాడు. మాటకి మాట సరిగ్గానే పెట్టాను, అర్థం మాత్రం జారిపోయింది. ఇన్నాళ్ళూ 'పెళ్ళయ్యేవరకు చదువుకోనీ', 'పిల్లలు పుట్టేవరకు ఉద్యోగం చేసుకోనీ' అని నా గురించి మాట్లాడినవాళ్ళంతా గుర్తొచ్చారు. చదువు దగ్గర, ఉద్యోగం దగ్గర వాళ్ళ గొంతు బలంగా ఉండేది. 'వరకు' ఎప్పుడూ లోగొంతుకలోనే ఉండేది.

మా మేనేజరు రామ్మోహనరావు గారు ఇంకో మెట్టెక్కారు. "ఆ వరకుని తీసెయ్యమ్మా సంహితా. స్టార్ పెట్టాంగా, కింద వివరం ఉంటుంది. అబద్ధమేముంది?"

"కింద ఎవరూ చదవరు సార్."

"చదవకపోతే వాళ్ళ ఖర్మ. నువ్వు సంతకం పెట్టు."

మా ఆఫీసులో తెలుగు ప్రకటన అచ్చుకి వెళ్ళాలంటే ప్రూఫు మీద 'సరిచూశాను' అని రాసి నేను సంతకం చెయ్యాలి. నా ఉద్యోగంలో నా చేతిలో ఉన్నది ఆ ఒక్క మాటే. పెన్ను తీశాను. మళ్ళీ పెట్టేశాను.

"చూశాను సార్. సరిగా లేదు. సరిచూశానని ఎలా రాయను?"

ఆయన ముఖం మారింది. "రేపు క్లయింటు వస్తారు. ఆ ముక్కేదో వాళ్ళ ముందే చెప్పుకో. వాళ్ళకి నచ్చకపోతే నీ కుర్చీకి నేను పూచీ కాదు."

ఇంటికొచ్చి చెబితే రఘురామ్ టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. "సంతకం గీకి పడెయ్. లోకాన్ని నువ్వే ఉద్ధరించాలా? అయినా పోతే పోయిందిలే, ఇంటిపనైనా హాయిగా చేసుకుంటావు."

బిల్లు వచ్చినప్పుడు అరిచిన మనిషేనా ఇతను అనిపించింది. తనకి జరిగితే మోసం, నేను అడ్డుపడితే చాదస్తం. అంతకంటే, పోతే పోయిందన్నాడే, అది ఆగకుండా మోగింది లోపల. నా ఉద్యోగం ఆ ఇంట్లో ఎప్పుడైనా తీసెయ్యగలిగిన మాట అన్నమాట. జాగా చాలకపోతే ముందు పోయేది అదే.

వంటింట్లో మా అత్తగారు జానకీదేవి గోంగూర వలుస్తున్నారు. నా సంచీలోంచి ప్రూఫు కాగితం లాక్కుని, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశారు.

"ఈ చుక్కేంటే?"

"షరతులున్నాయని గుర్తు అత్తయ్యా."

"నయం, గుర్తైనా పెట్టారు. మా పెళ్ళప్పుడు చుక్క కూడా పెట్టలేదు. అన్నీ వాటంతటవే వర్తించేశాయి."

ఇద్దరం నవ్వాం. ఆవిడ అలా అనగలరని నాకు తెలియదు. కాడలు పక్కకి తోసి, "ఇంతకీ నిజంగా ఎంతొస్తుందే ఆ స్పీడు?" అన్నారు.

"మహా అయితే 3.1 అత్తయ్యా. మామూలుగా సగం కూడా రాదు."

"మరి ఆ ముక్కే ముందు చెప్పి చావచ్చుగా!"

నా చేతిలో గోంగూర కట్ట అలాగే ఉండిపోయింది. మహా అయితే. రోజుకి పదిసార్లు అనుకునే మాట. అంకెకి ముందు నిలబడే మాట. అది వినగానే మనిషి ఆశ కొంచెం తగ్గించుకుని, అప్పుడు అంకె వింటాడు. ఎవరికీ నిఘంటువు అక్కర్లేదు.

మర్నాడు క్లయింటు తరఫున టై కట్టుకున్న ఇద్దరొచ్చారు, వాళ్ళ అమీర్‌పేట షోరూం చూసుకునే సాబిర్ భాయ్ కూడా. కాగితం పట్టుకుని లేచాను. నిలబడే చదివాను:

"మహా అయితే 3.1 ఎంబీపీఎస్. మీ వీధిలో ఎంతొస్తుందో షోరూంలో చూసి కొనండి. రాష్ట్రం దాటితే రేటు పెరుగుతుంది, ఎంతో ముందే అడగండి. అన్నీ ఒకే సైజు అక్షరాల్లో సార్. స్టార్ ఉండదు."

టై వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మహా అయితే ఏంటండీ? మన సరుకుని మనమే తక్కువ చేసుకున్నట్టు లేదూ?"

రామ్మోహనరావు గారు నా వైపు 'చెప్పానా' అన్నట్టు చూశారు. అప్పుడు మూలనుంచి సాబిర్ భాయ్ చెయ్యెత్తాడు.

"సార్, జర నా మాట సుత వినుండ్రి. రోజూ గాలీలు తినేది నేను, మీరు కాదు. పోరగాండ్లు కార్డు తెచ్చి కౌంటర్ మీద కొడుతుండ్రు. బెంగుళూరు పోయొచ్చినోళ్ళైతే నా ఖాందాన్‌ల ఎవ్వర్నీ వదుల్తలేరు. షోరూంల పనిచేసే ఇద్దరు పిల్లలు నౌకరీ ఇడిచిపెట్టి పోయిండ్రు. గీ మేడమ్ రాసింది పెట్టుండ్రి సార్, నా బీపీ అన్న తగ్గుతది."

ముందు, హోర్డింగు బొమ్మ పట్టుకొచ్చిన లుబ్నా నవ్వింది. తర్వాత పెద్దాయన కూడా నవ్వేశాడు. "మీ బీపీ కోసం అమీర్‌పేట, పంజాగుట్టల వరకు వేసి చూద్దాం" అన్నాడు.

"ఆ 'వరకు' వినపడింది సార్" అన్నాను. నా నోట్లోంచే వచ్చిందా అనుకున్నాను. ఈసారి అందరూ నవ్వారు. ప్రూఫు నా ముందుకొచ్చింది. 'సరిచూశాను' అని రాసి, పేరు పూర్తిగా, పొట్టి సంతకం కాకుండా, రాశాను.

హోర్డింగు లేచిన కొన్నాళ్ళకి సాబిర్ భాయ్ ఫోన్ చేశాడు. "మేడమ్, పరేషాన్ ఏందంటే కంపెనీ పేరు ఎవ్వరూ చెప్తలేరు. 'అన్నా, గా మహా అయితే కార్డు ఇయ్యి' అంటుండ్రు. కొంటుండ్రు. ఎవ్వరూ ఇసిరికొడతలేరు." వెనకాల గిరాకీ గోల వినపడుతూనే ఉంది. ఆ వారమే రామ్మోహనరావు గారు పిలిచి, "మిగతా ఊళ్ళకీ నువ్వే రాయమ్మా. ముందు వైజాగ్ వెళ్ళి అక్కడి షోరూముల వాళ్ళతో మాట్లాడిరా" అన్నారు. సంతకం చెయ్యనన్న సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నా బల్ల మీద కొత్త పలక పెట్టించారు: తెలుగు విభాగం.

రఘురామ్‌కి చెప్పాను. పేపరు మడిచి, "వెళ్ళు. నేనెప్పుడైనా కాదన్నానా?" అన్నాడు. ఊపిరి తీసుకుని, "కాకపోతే..." అన్నాడు.

అది అతని నక్షత్రం గుర్తు. ఇన్నేళ్ళూ నేను దాని కింద ఏముందో అడక్కుండానే చేసేదాన్ని.

"ఆ కాకపోతేలన్నీ ఇప్పుడే చెప్పండి," అన్నాను. "పెద్దక్షరాల్లో, ఒకేసారి. ఒప్పుకోవాలో లేదో నేను చూసుకుంటాను."

మడిచిన పేపరు మళ్ళీ విప్పాడు. గట్టిగా చెప్పాలంటే అవి ఎంత చిన్నవో అతనికే వినపడి ఉంటుంది. చివరికి, "పిండి అయినా..." అన్నాడు.

"మహా అయితే నాలుగు పూటలు పెరుగన్నం తింటారండీ."

లోపల్నించి అత్తగారి నవ్వు వినపడింది.

బయల్దేరిన మధ్యాహ్నం ఆవిడ చెప్పులేసుకుని గేటు దగ్గర తయారుగా ఉన్నారు. "పంజాగుట్ట దాకా నేనూ వస్తానే. నీ బోర్డు చూసి బస్సులో వచ్చేస్తా" అన్నారు. బల్కంపేట నుంచి నాంపల్లి స్టేషనుకి ఆ దారినే పోవాలి. చౌరస్తాలో ఆటో ఆపించాం. అత్తగారు నడుం మీద చెయ్యేసుకుని, ఆకాశంలోకి చూస్తూ కూడబలుక్కుని పైకే చదివారు. అందరూ తిరిగి చూస్తున్నా ఆపలేదు. చదవడం అయ్యాక బోర్డు అడుగు అంచంతా ఈ చివర్నించి ఆ చివరిదాకా వెతికారు.

"కింద ఏం లేదేంటే?"

"లేదు అత్తయ్యా. ఉన్నదంతా పైనే."

ఆవిడ తృప్తిగా తలూపి, నా చేతిలో నీళ్ళసీసా పెట్టి బస్‌స్టాపు వైపు నడిచారు. ఆటో ఖైరతాబాద్ దాటాక గుర్తొచ్చింది, పిండి రుబ్బలేదని, చొక్కాలు ఇస్త్రీ చెయ్యలేదని. గేటు దాటి ఇంత దూరం వచ్చేశాను. రోమింగ్ పడలేదు.