జాబితా లేని గది

అబ్దుల్ మజీద్ నిచ్చెన మీద నిలబడి మరో కాగితాల కట్ట దుమ్ము దులిపి, దగ్గు ఆగేదాకా అరను పట్టుకున్నాడు. పొట్టి మనిషి. వంగిన వీపు, గోళ్ల సందుల్లో కడిగినా పోని మట్టి. ఆ మండల కార్యాలయం ఇంకా తాలూకా ఆఫీసుగా ఉన్నప్పుడు అటెండరుగా చేరి ముప్పై రెండేళ్లు. నిజాం కాలపు ఉర్దూ కాగితాలు చదవగలిగినవాడు అక్కడ ఆయనొక్కడే. భార్య చనిపోయిన మూడోనాడే, ఎవరిదో భూమి పహాణీ దొరకడం లేదని కబురొస్తే డ్యూటీకి వచ్చేశాడు.

2006 ఏప్రిల్. ఆఫీసు పనిని కంప్యూటర్లకు ఎక్కించడానికి ఇక్కడ అంతా సిద్ధంగా ఉందో లేదో చూసి రాసుకుపోవడానికి, ఉమారాణి అనే అధికారి హైదరాబాదు నుంచి వచ్చింది. తహసీల్దారు చంద్రశేఖర్ ముసుగు తియ్యని కంప్యూటరును చూపించాడు. కరెంటు లేదు.

రికార్డు గదిలో ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"వీటికి జాబితా ఉందా?"

"లేదమ్మా. ఏది యాడుందో నాకెరుకే," అన్నాడు మజీద్.

"మీరు సెలవు పెడితే?"

"పెట్టలే."

ఆమె 'జాబితా లేదు' అని రాసుకుంది. మజీద్ గడప దాకా వెంట నడిచాడు.

"అమ్మా, వచ్చే ఏడు రిటైర్ అయిత. తెలుగు రాసుడు నాకు సక్కగ రాదు. నేను చెప్త, ఎవరన్న రాసుకుంటే చాలు."

"చూద్దాం మేడం," అన్నాడు చంద్రశేఖర్. అంతకు ముందు ముగ్గురు తహసీల్దార్లూ అదే మాట అన్నారు.

సోమశిల పక్క ఊరి కిష్టమ్మ పొద్దుటి నుంచి వరండాలో కూర్చుని ఉంది. ఆమె మూడెకరాలు తనవని మరిది కోర్టుకెక్కాడు. మామ పేరున్న పాత ఉర్దూ పహాణీ రేపు నాగర్‌కర్నూలు కోర్టులో చూపకపోతే భూమి పోతుంది.

"దొరుకుతదా సాబ్?"

"మీ మామ పేరు నేను సూసిన. కూసో, తీస్త."

ఆమె సగం జొన్నరొట్టె చేతిలో పెట్టబోయింది. ఛాతీలో ఏదో పట్టేసినట్టుందని, వద్దని లోపలికి పోయాడు.

మధ్యాహ్నం ఉమారాణి జీపు వెళ్లిపోయింది. ఆఫీసు మూసే వేళకు కిష్టమ్మ మజీద్‌ను పిలిచిపిలిచి తహసీల్దారు దగ్గరకు పోయింది. ఇద్దరూ వచ్చి చూస్తే మజీద్ అరల మధ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. చెయ్యి చల్లబడింది.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. చంద్రశేఖర్ ఒక్కడే తిరిగొచ్చి రెండు కట్టలు తిరగేశాడు. కుడి నుంచి ఎడమకు పోయే రాత. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"రేపు రా అమ్మా."

"రేపే కోర్టు సారూ," అంది కిష్టమ్మ.

ఆయన తలుపు దగ్గరికి జరిగాడు. నేల మీద, విప్పిన కట్ట పక్కన, విరిగిన కాడకు దారం చుట్టిన మజీద్ కళ్లద్దాలు తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి.