ఎవరి ఊహకి అందకూడదో

"ఆ బట్టలు తర్వాత మడుద్దువుగానిలే అమ్మాయ్, ముందు ఇది విను" అన్నారు మామగారు.

కొత్త కోడలి గుండె గంతులేసింది. కొత్త కాపురంలో తువ్వాలు మడత కూడా ముద్దొచ్చే రోజులు. పైగా కాలేజీలో బెంచీ కింద దాచుకుని చదివిన డిటెక్టివ్ నవలలు రాసిన ఈ మామగారే, ఇంకా అచ్చుకాని అధ్యాయాన్ని తనొక్కదానికే చదివి వినిపించారాయె!

"హంతకుడెవరో చెప్పు చూద్దాం."

"కాంపౌండరే మామయ్యగారూ! సీసా చూడకుండానే మందు రంగు చెప్పేశాడుగా."

"భేష్! అయితే కాంపౌండర్ కాడు" అంటూ ఆయన కలంతో ఆ పేజీలు సర్రున కొట్టేశారు.

సాయంత్రం మొగుడు మురిసిపోయాడు. "ఇన్నాళ్లూ అది అమ్మ పని. ఈమధ్య ఏమడిగినా తెలీదంటోంది, నాన్నకి ముగింపులు కుదిరి చావడం లేదు. ఇకమీద మధ్యాహ్నాలు నువ్వు కూర్చో. ఆ ఉద్యోగం ఎక్కడికీ పోదులే."

సోమవారం చేరాల్సిన ఉద్యోగం. వద్దని ఎవరూ అనలేదు, ఎక్కడికీ పోదన్నారంతే. మరి తనెందుకు ఒకే దుప్పటిని మూడుసార్లు విప్పి మడుస్తోంది? పొగడ్త పొగడ్తలా లేదేమిటి? నిలవలేక వంటింట్లోకి వెళ్లింది.

"అత్తయ్యా, మీకు నిజంగానే తెలియడం లేదా?"

అత్తగారు మూకుడు తోముతూనే నవ్వింది. "తెలియకేం! మొదటి పేజీలోనే వాసన పట్టేస్తాను. ముప్ఫయ్యేళ్లు చెప్పాను. నేను పట్టుకున్నవాణ్ణల్లా మీ మామయ్య వదిలేసి, ఇంకెవడికో బేడీలు వేయించారు. ఎవరి ఊహకీ అందని ముగింపని ఊరంతా చప్పట్లు. ఎవరి ఊహకి అందకూడదో, ఆ ఊహ నాదే తల్లీ! విసుగొచ్చి మానేశాను. నీ నెత్తిన పడుతుందనుకోలేదు."

మర్నాడు అధ్యాయం ముగించి మామగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఊఁ, ఎవరు?"

పేరు నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఆయన మొహం వెలుగుతుంది, భేష్ అంటారు. ఆ భేష్ ఎంత తియ్యగా ఉంటుందో ఆమెకి తెలుసు. పెదవి కొరుక్కుంది.

"తెలుసు మామయ్యగారూ, చెప్పను. సోమవారం నుంచి ఉద్యోగానికి వెళ్తున్నాను. మీరు రాశాక పుస్తకంలో చదువుకుంటాను."

మామగారు తెల్లమొహం వేశారు. చేతిలో కలం గాల్లోనే ఆగిపోయింది.

"మరి నేను ఎవర్ని హంతకుడు కాకుండా చెయ్యాలమ్మాయ్?"