ప్రెసిడెంటుగారి పైపు

గొడ్ల చావిట్లో కాలు జారి పడ్డప్పుడు నరసింహారావుకు మోకాలు వాచింది, చొక్కా జేబులో ఉన్న పైపు రెండు ముక్కలైంది. మోకాలికి భార్య ఆదిలక్ష్మమ్మ ఆముదం కాచి పట్టు వేసింది. పైపుకు చేయగలిగింది ఏమీ లేదు. పొగాకు కూరే గిన్నె నిలువునా చీలిపోయింది.

కారంపూడి దగ్గరి ఆ ఊళ్లో నరసింహారావును అందరూ ప్రెసిడెంటుగారనే పిలుస్తారు. ఆయన పంచాయతీ ప్రెసిడెంటుగా చేసింది ఒక్కసారే, అదీ ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట. ఆ రోజుల్లోనే పొగాకు కంపెనీ ఆఫీసరొకాయన బేరానికి వచ్చి, వరండాలో కాలు మీద కాలేసుకుని పైపు కాలుస్తుంటే చూసి నరసింహారావు ముచ్చటపడ్డాడు. అలాంటిదే గుంటూరు నుంచి తెప్పించుకున్నాడు. అప్పటినుంచి పెళ్లిళ్లలోనూ, తగవుల దగ్గరా, మండలాఫీసు మెట్ల మీదా ఆ పైపుతోనే కనిపించేవాడు. తర్వాత మండల ఎన్నికల్లో రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. మొదటి ఓటమికి కాలవ కింది మాగాణి పోయింది, రెండోదానికి మెట్ట చేను. మిగిలిన కాస్తలో వేసిన మిరప తెగులు తగిలి ముడుచుకుపోయింది. పిల్లలు లేరు. ఇప్పుడు ఇల్లు గడుస్తున్నది ఆదిలక్ష్మమ్మ కేంద్రానికి పోసే పాల మీద. ఆ సంగతి ఊరికి తెలియదని ఆయన నమ్మకం. ఊరికి తెలుసు.

"ఈ వంకనన్నా మానెయ్యరాదా? దగ్గు చూస్తే ఇంటి కప్పు లేస్తంది" అంది ఆదిలక్ష్మమ్మ.

"మానేస్తే ఏమని చెప్పను జనానికి?"

"జనం మిమ్మల్ని అడిగారా?"

"అడుగుతారే. ఏమే, పైపు లేకుండా నేను టీ కొట్టు కాడికి పోతే, ఏంది ప్రెసిడెంటుగారూ, అదిగూడా అమ్ముకున్నారా అంటారు."

ఆమె ఇంక వాదించలేదు. పాల డబ్బుల్లోంచి ఎనిమిది వందలు తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఇంతకు మించితే గేదెకు దాణా ఉండదు" అని మాత్రం చెప్పింది.

వాపు కాస్త తగ్గాక నరసింహారావు మాచర్ల బస్సెక్కాడు. అక్కడ బస్టాండు వెనక సందులో అబ్దుల్ మజీద్‌కు మిషను మీద చెక్కను తిప్పి గుండ్రంగా చెక్కే లేత్ షాపు ఉంది. మజీద్ పుట్టింది నరసింహారావు వాళ్ల ఊళ్లోనే. ఇద్దరూ ఒకే బడిలో చదివారు. పెళ్లయ్యాక మజీద్ మాచర్ల వచ్చి మంచం కోళ్లు, ఉయ్యాల గుబ్బలు, మేడమెట్ల పక్క కటకటాలు చేస్తూ బతికాడు. నరసింహారావు మేడకున్న కటకటాలన్నీ అతను తిప్పినవే. ఒకసారి పైపు నోటి కొస విరిగితే గేదె కొమ్ముతో కొత్తది చేసి అతికించాడు. అది అసలుదానికన్నా నోటికి హాయిగా ఉండేది.

షాపులో మిషను ఆగి ఉంది. దాని మీద పేరుకున్న దుమ్ములో పొట్టు కన్నా మట్టే ఎక్కువ. మజీద్ స్టూలు మీద నుంచి గబుక్కున లేచాడు.

"రండి ప్రెసిడెంటుగారూ. ఎన్నాళ్లకు! ఆ కాలేంది అట్టా ఈడుస్తన్నారు?"

నరసింహారావు చీలిన పైపు చూపించాడు. మజీద్ దాన్ని వెలుగులోకి తీసుకెళ్లి తిప్పి తిప్పి చూశాడు.

"ఇది అతకదు. కొత్తది చేస్తా. మొత్తం నేనే చేస్తా" అన్నాడు. అటక మీదకు చెయ్యి పోనిచ్చి నల్లటి మొద్దుముక్క ఒకటి తీశాడు. "తుమ్మ చేవ. ఏళ్ల నుంచి ఆరబెట్టి ఉంచా. దేనికో తెలియకుండానే ఉంచా, చూడండి. కొస కొమ్ముతో చేస్తా. మీరున్నన్నాళ్లూ ఉంటది."

"ఎంతవుద్ది?"

మజీద్ మొద్దును అరచేతిలో తూచినట్టు ఆడించాడు. అతని మొహంలో మొహమాటం, అవసరం రెండూ కనపడుతున్నాయి. "వారం పని. లోపలి బెజ్జం, నగిషీ, అంతా చేత్తోనే. వేరేవాళ్లకైతే మూడు వేలు చెప్తా. మీరు రెండు వేలు ఇయ్యండి. నిజం చెప్తన్నా, మిషను తిరిగి చానా రోజులైంది. అందరూ స్టీలు రెయిలింగే పెట్టిస్తన్నారు."

నరసింహారావు జేబులోకి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. అంత లేదని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఎదురుగా ఉన్నవాడు చిన్నప్పుడు పలక పంచుకున్నవాడు. అయినా ఆ మాట నోటికి రాలేదు. ఇదే షాపులో ఒకప్పుడు మేడ పనికి బేరమాడకుండా నోట్లు లెక్కపెట్టిన చెయ్యి అది.

"సరే, చూద్దాం" అన్నాడు.

"చూద్దాం ఏంది? మీ పని కాక నాకు వేరే పనేముంది? పై వారం రండి."

నరసింహారావు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మజీద్ తెచ్చిన టీ తాగి బయటపడ్డాడు.

బస్టాండు ఎదురుగా ఫ్యాన్సీ షాపు ఉంది. లైటర్లు, బెల్టులు, నల్లకళ్లద్దాల మధ్య అద్దాల బీరువాలో నాలుగు పైపులు వరసగా పెట్టి ఉన్నాయి. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. షాపువాడు ఒకటి తీసి చేతికిచ్చాడు.

"ఫ్యాక్టరీ మాల్ సార్. నాలుగు వందల యాభై. లోపల పొగను వడకట్టే రేకు గొట్టం గూడా ఉంది."

చూడ్డానికి బాగానే ఉంది. ఎర్రగా, నున్నగా, తేలిగ్గా ఉంది. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే పాతదానికీ దీనికీ తేడా తెలియదు. ఆయన కొంటున్నది కూడా నాలుగడుగుల దూరం నుంచి చూసేవాళ్లకోసమే. డబ్బిచ్చి తీసుకున్నాడు. మిగిలింది ఆదిలక్ష్మమ్మకు తిరిగి ఇచ్చేయొచ్చు కదా అనుకుంటే బస్సులో కాసేపు మనసు తేలికపడింది.

టీ కొట్టు దగ్గర అడిగినవాళ్లకు హైదరాబాదు నుంచి తెప్పించానని చెప్పాడు. నాలుగు దమ్ములు లాగేసరికి గిన్నె చెయ్యి కాలేంత వేడెక్కేది. పొగలో వార్నిష్ కంపు వచ్చేది. నాలుక పొక్కింది. పొక్కిన నాలుకతోనే రోజూ కొట్టు దగ్గర కూర్చుని కాల్చాడు.

మజీద్ చెప్పిన వారం దాటింది. మాచర్ల వెళ్లలేదు. ఒకరోజు ఫోను మోగితే మజీద్ పేరు చూసి ఎత్తలేదు. మర్నాడు మళ్లీ మోగింది.

"ఎవరు?" అంది ఆదిలక్ష్మమ్మ.

"ఎవరో. ఊరికే చేస్తన్నారు."

కారంపూడిలో ఎరువుల కొట్టుకు వెళ్లిన రోజున ఇక తప్పించుకోవడం కుదరలేదు. పని చూసుకుని బస్టాండు పక్క హోటలు ముందు పదిమందితో కూర్చున్నాడు. పార్టీలూ పదవులూ గురించి మాటలు సాగుతున్నాయి. నరసింహారావు నోట్లో కొత్త పైపు ఉంది. మాచర్ల బస్సు వచ్చి ఆగింది. దిగినవాళ్లలో మజీద్ ఉన్నాడు. చంకలో చిన్న గుడ్డ సంచి ఉంది.

మజీద్ నవ్వుతూనే దగ్గరికి వచ్చాడు. పైపు చూశాక ఆ నవ్వు ఎటు పోవాలో తెలియనట్టు మొహం మీదే ఉండిపోయింది.

"కొత్తది తీసుకున్నారా ప్రెసిడెంటుగారూ?"

పదిమంది ఆయన వైపు చూశారు. లేదని చెప్పడానికి పైపు నోట్లోనే ఉంది. డబ్బు చాలక ఇది కొన్నానని చెప్పడానికి పదిమంది ఉన్నారు.

"మరేం చేయమంటావ్ మజీదూ? నువ్వు రెండు వేలంటివి. కట్టెముక్కకు రెండు వేలు ఎవడన్నా పెడతాడంటయ్యా?" అన్నాడు. అనుకున్నదానికన్నా గట్టిగానే అన్నాడు.

ఎవరో నవ్వారు. దాంతో ఇంకొందరు నవ్వారు.

మజీద్ సంచిని ఒక చంకలోంచి రెండో చంకలోకి మార్చుకున్నాడు. "నిజమేలెండి" అన్నాడు. అవతల వైపు మాచర్ల వెళ్లే బస్సు కదలబోతుంటే వెనక్కి చూడకుండా వెళ్లి ఎక్కాడు. వచ్చిన పనేమిటో చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆ రాత్రి నరసింహారావు జరిగింది జరిగినట్టు ఆదిలక్ష్మమ్మకు చెప్పాడు.

"ఆ సంచిలో ఏముందో అడిగారా?" అంది ఆమె.

"లేదు."

"అడగాల్సింది."

ఆ మాట ఆయన్ను చాలా రోజులు తిననివ్వలేదు. మాచర్ల వెళ్దామనుకుంటూనే ఊళ్లో మిరపకోతలు అయిపోయేదాకా వెళ్లలేకపోయాడు. వెళ్లేసరికి బస్టాండు వెనక షాపుకు కొత్త బోర్డు వేలాడుతోంది. సెల్‌ఫోన్లు బాగుచేసేవాళ్లు అద్దెకు తీసుకున్నారట. మజీద్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. మజీద్ భార్య ఖైరున్నీసా గుమ్మంలోనే ఎదురైంది. లోపలికి రమ్మనలేదు. కుర్చీ మాత్రం బయటకు తెచ్చి వేసింది.

"మిషను అమ్మేశాడన్నా. పాత ఇనుము తూకానికి" అంది.

"నావల్లేనా అమ్మా?"

"మీ వల్లని ఎందుకంటాను? ఎప్పటినుంచో అనుకుంటున్నదే. మీ పైపొక్కటి చేసి తర్వాత చూద్దామన్నాడు. ఎంత శ్రద్ధగా చేశాడో! అన్నం గూడా మర్చిపోయి చేశాడు. ఫోనెత్తడంలేదు, కాలు బాగాలేనట్టుంది, నేనే ఇచ్చొస్తానని బయల్దేరాడు." ఆమె కొంగు సర్దుకుంది. "తిరిగొచ్చి ఏం చెప్పలా. ఆ పైపును పొయ్యిలో పెట్టబోతే నేను లాక్కున్నా. తర్వాత సాగర్ డ్యాము చూడ్డానికొచ్చిన వాళ్లెవరికో వచ్చినకాడికి అమ్మేశాడు."

మజీద్ ఎక్కడున్నాడని నరసింహారావు అడిగాడు.

"ఇప్పుడు సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ ఉంటన్నాడు. వాచ్‌మెన్" అందామె.

ఆటో ఎక్కి ఫ్యాక్టరీకి వెళ్లాడు. గేటు దగ్గర బూడిదరంగు దుమ్ము చెట్ల ఆకుల మీద కూడా పేరుకుని ఉంది. మజీద్ నీలం చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల దగ్గర వదులుగా ఉంది. నరసింహారావును చూసి స్టూలు ముందుకు జరిపాడు గానీ రండి అనలేదు.

నరసింహారావు కూర్చోలేదు. "నా దగ్గర ఆ రోజు ఎనిమిది వందలే ఉన్నాయి మజీదూ. అయ్యిగూడా ఆదిలక్ష్మి పాల డబ్బులు" అన్నాడు.

మజీద్ ఆయన మొహంలోకి చూశాడు.

"నేను ఏదీ కొనలేని స్థితిలో ఉన్నా. అందరి ముందూ ఆ మాట చెప్పలేక నిన్ను అట్టా అన్నా."

"షాపులో మనిద్దరమేగా ఉంది" అన్నాడు మజీద్. "అక్కడ చెప్పాల్సింది. ఊరికే చేసిచ్చేవాణ్ణి."

"అట్టా చేస్తావనే చెప్పలా."

లోపల ఎక్కడో మిషన్ల రొద ఆగకుండా వినిపిస్తోంది.

"డబ్బు సంగతి నేను మర్చిపోయా ప్రెసిడెంటుగారూ. మీరు ఇయ్యలేదని గాదు నా బాధ. కట్టెముక్క అన్నారు చూడండి. నలభై ఏళ్లు నేను చేసింది కట్టెముక్కలేనా అనిపించింది. తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంటే చెయ్యి లేవలా. మీరు చూసినంత దగ్గరగా నా పని ఇంకెవరు చూశారు? మీరే అట్టా అంటే..."

"తప్పయింది."

"కావచ్చు" అన్నాడు మజీద్.

నరసింహారావు ఇంకా ఏదో చెప్పబోయాడు. మళ్లీ చేస్తావా అని అడగడానికి మిషను లేదు. ఇంటికి రమ్మని పిలవడానికి నోరు రాలేదు. రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టింది. మజీద్ వెళ్లి గేటు తీశాడు. దాని వెనక మరొకటి, ఆ వెనక ఇంకొకటి వచ్చాయి. మూడూ లోపలికి వెళ్లాక గేటు మూసి, మజీద్ గేటుకు లోపలి పక్కనే ఉండిపోయాడు. నరసింహారావు కాసేపు బయట నిలబడి, మోకాలు నొప్పి పుడుతుంటే రోడ్డు వైపు నడిచాడు.

ఇంటికి వచ్చేసరికి సందె చీకటి పడింది. ఆదిలక్ష్మమ్మ చావిట్లో పాలు పితుకుతోంది.

"మజీదు కనపడ్డాడా?"

"కనపడ్డాడు."

"ఏమన్నాడు?"

నరసింహారావు చావిడి గడప మీద కూర్చున్నాడు. "కావచ్చు అన్నాడు" అని చెప్పాడు.

ఆమెకు అర్థమైందో లేదో, చెయ్యి ఒక్క క్షణం ఆపింది. మళ్లీ పాలధార చెంబులో పడుతున్న చప్పుడు మొదలైంది.