పడ్డవాళ్ళకే మాటలు

ఆ దేశంలో మంచు పడదు. ఎప్పుడో ఏళ్ళకొకసారి దారి తప్పి వచ్చినట్టు నాలుగు రేకులు రాలతాయి. జనం వీధిలోకి పరిగెత్తుకొచ్చి తలెత్తి చూసేలోపు అవి నీళ్ళైపోతాయి. అలాంటి చోట మంచు మీద జారడం నేర్పుతానని ఒక మనిషి బతుకంతా కూర్చున్నాడంటే అతన్ని పిచ్చివాడనాలి, లేదా మాస్టారనాలి. ఆ ఊరు మాస్టారనే అంది. ఊరి చివర ఒకప్పటి చెత్తదిబ్బ మీద మట్టి కప్పి గడ్డి పెంచిన గుట్ట ఉంది. దానికి ఒక పక్కన కిందిదాకా తెల్లటి ప్లాస్టిక్ చాపలు పరిచారు. బట్టలుతికే బ్రష్షుని వెల్లకిలా పెడితే ఎలా ఉంటుందో ఆ చాపలు అలా ఉంటాయి. వాటి మీద సన్నగా నీళ్ళు చిమ్ముతుంటే, కాళ్ళకి స్కీలనే పొడుగాటి పలకలు తగిలించుకున్నవాళ్ళు సర్రున జారతారు. రానివాళ్ళు అంతే సర్రున పడతారు. పడితే మోచేతులు చెక్కుకుపోతాయి కాబట్టి ఎంత ఎండలోనైనా నిండు చేతుల చొక్కా, గ్లవుజులు ఉండాల్సిందే.

మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. ఆయన భార్యని గుట్ట మీద చిన్నా పెద్దా అందరూ పిన్నిగారనే అంటారు. ఆవిడ పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనం చెక్కడం, చిగుళ్ళ రంగు కలపడం, పై పళ్ళకీ కింది పళ్ళకీ కొరుకుడు సరిచూడడం ఆవిడ పని. ఊళ్ళో పెద్దవాళ్ళలో సగంమంది నవ్వితే కనిపించేది ఆవిడ చేతిపనే. ఆవిడ నవ్వు మాత్రం అంత తేలిగ్గా కనిపించదు.

మాస్టారు ఉన్నన్నాళ్ళూ ఆవిడ గుట్ట ఎక్కలేదు. ఆయన రమ్మనలేదు, ఆవిడ వస్తాననలేదు. పిలవని చోటికి వెళ్ళడానికి అభిమానం అడ్డొచ్చింది. పైగా మాస్టారు ఇంట్లో నోరు విప్పే మనిషి కాదు. ‘ఊఁ’, ‘సరే’, ‘గొడుగేదీ’, ఈ మూడు ముక్కలతోనే కాపురం వెళ్ళదీశారు. కొందరు మగవాళ్ళ తత్వం అంతేలే అని ఆవిడ సర్దుకుపోయింది. సర్దుకుపోవడం అంటే ఆశ చచ్చిపోవడం కాదని ఆ తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందంటే, ఆయన పోయిన కొన్నాళ్ళకి, గుట్ట దగ్గరి అల్మారాలో మిగిలిన ఆయన కోటు తెచ్చుకుందామని వెళ్ళింది. కోటు మడిచి సంచిలో పెట్టుకుని వస్తుంటే వెనకనుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

“ఇక్కడ కుర్చీ వేశారని నీకెవరు చెప్పారు నాయనా? కూర్చున్నది చాలు, లే. నేల నిన్ను పట్టుకుంది గానీ కొట్టలేదుగా!”

గొంతు ఆడపిల్లదే. కానీ ‘గొడుగేదీ’ అనడంలోని ఆ సాగదీత, చివర్న ఆ కొసరు నవ్వు మాస్టారివని గుర్తుపట్టడానికి పిన్నిగారికి ఎవరి సాయమూ అక్కర్లేదు. మాస్టారి మొదటి శిష్యురాలు ఒక లావుపాటి ఆసామిని లేవదీస్తోంది. గుట్ట మీద అందరూ ఆ అమ్మాయిని బుల్లెట్టు అంటారు. వారమంతా సిటీ బస్సు నడుపుతుంది, సెలవు రోజుల్లో ఇక్కడ పాఠం చెబుతుంది. గురువు దగ్గర విద్యతోపాటు మాటతీరు కూడా పట్టేసింది.

పిన్నిగారు సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయింది. ఇన్ని మాటలు ఉన్నాయా ఆ మనిషి దగ్గర? ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇంత ముద్దుగా చెప్పి, ఇంటికొచ్చి గొడుగేదీ అంటాడా? కోపం ముంచుకొచ్చింది. కోపం వెనకాలే, ఇంకొకడు పడితే బాగుండునన్న ఆశ కూడా వచ్చింది. సాయంత్రం దాకా కూర్చుని పడేవాళ్ళ కోసం ఎదురుచూసింది.

మరుసటి వారం పేరు రాయించుకుంది. కూతురు నెత్తీ నోరూ బాదుకుంది.

“నాన్నే లేరు. ఇంక ఆ గుట్టతో నీకేం పనమ్మా? కాలో చెయ్యో విరిగితే?”

“విరిగితే నువ్వున్నావుగా,” అంది పిన్నిగారు.

మైనం మీద కుదురుగా నిలిచిన చేతులకి ఒళ్ళు కుదురుగా నిలపడం పెద్ద కష్టం కాలేదు. స్కీల ముందు కొనలు దగ్గరికి తెచ్చి, మడమలు ఎడంగా తోస్తే వేగం తగ్గుతుందని చప్పున పట్టుబడింది. ఏ కాలి మీద బరువు వేస్తే ఏ వైపు తిరుగుతామో కూడా తెలిసిపోయింది. తెలిసినకొద్దీ పడడం తగ్గింది. పడడం తగ్గగానే మాటలూ తగ్గాయి. ఆ నష్టం ఆవిడ తట్టుకోలేకపోయింది.

అందుకని కావాలని పడడం మొదలుపెట్టింది.

పక్కకి ఒరిగితే, “ఆ మోకాళ్ళు అద్దెకి తెచ్చుకున్నవా తల్లీ? వంచు, అరిగిపోవు,” అని వినిపించేది. వెనక్కి కూలబడితే కుర్చీ మాట. బోర్లా పడితే, “గుట్టకి దణ్ణం పెట్టావు, సంతోషించింది, ఇక లే.” రేడియోకి ఉత్తరం రాసి పాట వేయించుకున్నట్టు ఏ మాట కావాలంటే దానికి తగ్గట్టు పడేది. కళ్ళు మూసుకుని, బుల్లెట్టు గొంతులోంచి ఆడపిల్లని తీసేసి, మిగిలినదాన్ని దాచుకునేది. రాత్రి మోచేతులకి మందు రాసుకుంటూ, ఈ దెబ్బ ఆ మాటది, ఆ దెబ్బ ఈ మాటది అని మురిసిపోయేది. ఈ వయసులో ఇదేం చోద్యమని తనని తానే తిట్టుకునేది కూడా. అయినా వారం తిరిగేసరికి మళ్ళీ గుట్ట మీదే ఉండేది.

ఒక చల్లటి పొద్దున బుల్లెట్టు ఆవిడని లేవదీయలేదు. పక్కనే చతికిలబడింది.

“పిన్నిగారూ, ఒక మాట అడగనా? కోప్పడకూడదు.”

“అడుగు.”

“మీరు కావాలనే పడుతున్నారు కదూ?”

“నాకేం ఖర్మ!”

“రానివాళ్ళు ఇంత పొందిగ్గా పడరండీ. కాళ్ళూ చేతులూ తలోదారిన పోతాయి. మీరు పరుపు మీద వాలినట్టు పడుతున్నారు.”

పిన్నిగారు గ్లవుజుకంటిన నీళ్ళు దులుపుకుంది. దొరికిపోయాక దాచి లాభం లేదు. “నువ్వు తిడుతుంటే ఆయన తిట్టినట్టుంటుంది,” అంది. “నన్నెప్పుడూ తిట్టలేదు ఆయన. మెచ్చుకోనూ లేదు. నా వాటా మాటలు నాకు రాలేదు, అందుకని ఇలా తెచ్చుకుంటున్నాను.”

బుల్లెట్టు ఇంకాస్త దగ్గరికి జరిగింది. గ్లవుజు విప్పి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“ఒకటి మాత్రం చెప్పు,” అంది పిన్నిగారు. ఆ ఒకటీ అడగడానికే ఇన్నాళ్ళూ ధైర్యం చాలలేదు. వినేస్తే ఇక కొత్తది మిగలదని భయం. “పడ్డవాళ్ళని ఏమనేవారో అన్నీ విన్నాను. పడకుండా బాగా దిగినవాళ్ళని ఏమనేవారు?”

“ఏమీ అనేవారు కాదు.”

“నా దగ్గర దాస్తున్నావు.”

“ఒట్టు, పిన్నిగారూ. మొదటిసారి నేను పైనుంచి కిందిదాకా పడకుండా దిగినప్పుడు ఎంత ఆశగా చూశానో! పల్లెత్తు మాట అనలేదు. కింద నిలబడి చూశారంతే. నాకు ఏడుపొచ్చింది. తర్వాత తర్వాత తెలిసింది, అలా నిలబడి చూశారంటే ఇక మనకి తిరుగులేదని. వంక పెట్టాల్సిన చోటే ఆయనకి మాటలు. బాగున్నదాన్ని చూస్తే నోట మాట వచ్చేది కాదు ఆ మహానుభావుడికి.”

“బాగుంది వరస!” పిన్నిగారికి ఒళ్ళు మండింది. “ఒక్కమాట అంటే నోరరిగిపోతుందా? ఎలా నిలబడేవారేం, అంత గొప్పగా?”

“ఇక్కడ కూర్చుంటే ఎలా చూపించను? మీరు దిగండి, నేను కింద ఉంటాను. పడ్డారో, మళ్ళీ తిడతాను. మీ ఇష్టం.”

బుల్లెట్టు జారుకుంటూ కిందికి వెళ్ళిపోయింది. పిన్నిగారు జనాన్ని పైకి లాగే తాడు పట్టుకుని గుట్ట పైకొసకి చేరింది. పడితే మాటలు వస్తాయి, అలవాటైన మాటలు, హాయిగా ఉంటాయి. పడకపోతే ఏమీ రాదు. జన్మంతా చాలినంత తిన్న ఆ ఏమీలేనితనాన్ని మళ్ళీ ఎదురెళ్ళి తెచ్చుకోవడం దేనికి? కాసేపు అక్కడే తచ్చాడింది. చివరికి, చూద్దాం, ఆ నిలబడడంలో ఏముందో తేల్చుకుందామని, మొండితనంతోనే బయల్దేరింది.

మొదటి మలుపులో ఎప్పుడూ పడే చోటు వచ్చింది, దాటిపోయింది. బరువు ఎడమ కాలి మీద వేస్తే కుడికి తిరిగింది, కుడి కాలి మీద వేస్తే ఎడమకి తిరిగింది. స్కీల కింద ప్లాస్టిక్ కుచ్చులు బుసబుసలాడుతున్నాయి, నీటి తుంపర మొహాన పడుతోంది. పడాలన్న ధ్యాస లేకుండా దిగడం ఇంత బాగుంటుందని ఆవిడ అనుకోలేదు. నవ్వొచ్చింది. ఎవరూ చూడకముందే మొహం మామూలుగా పెట్టుకుందామనుకుంది గానీ కుదరలేదు. నేల చదునైన చోట మడమలు ఎడంగా తోసి, తొణక్కుండా ఆగి తలెత్తింది.

బుల్లెట్టు ఎదురుగా నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి, పెదవులు బిగబట్టి. పలకలేదు.

ఆ వాలకం పిన్నిగారికి కొత్త కాదు. సాయంత్రాలు ఇంటికి పని తెచ్చుకుని, గుమ్మానికి దగ్గరగా ఉన్న బల్ల మీద మైనం పన్ను చెక్కుతూ ఉంటే, ఆయన వచ్చి సరిగ్గా ఇలాగే గుమ్మంలో నిలబడేవారు. చేతులు వెనక్కి, తల పక్కకి. ‘ఏం కావాలి?’ అనేది తను, ఓరకంట చూసి, తలెత్తకుండానే. ‘ఏం లేదు.’ ‘ఏం లేకపోతే వెలుతురికి అడ్డు తప్పుకోండి.’ ఆయన వెళ్ళిపోయేవారు. మర్నాడు మళ్ళీ వచ్చి నిలబడేవారు. అన్నేళ్ళూ, తను తరిమినకొద్దీ.

కళ్ళు మసకబారాయి. గ్లవుజుతో తుడుచుకుంటే ఇంకా తడైంది. బుల్లెట్టు కంగారుపడి ముందుకొచ్చింది.

“దెబ్బ తగిలిందా? నేనేమైనా...”

“మాట్లాడకు,” అంది పిన్నిగారు. “నేను మళ్ళీ పైకి వెళ్ళి దిగుతాను. నువ్వు కదలకు. ఇందాకటిలా నిలబడు, చాలు.”