యూసుఫ్ మామయ్య మోసిన బుట్ట

మా మేనమామ మతం మారినప్పుడు మా అమ్మ వెంకమ్మ వారం రోజులు ఏడ్చి ఊరుకుంది. నవల రాశాడని తెలిశాకే ఆరేళ్ళు మాట మానేసింది. ఆ మొదటి నవల్లో మొగుడి మీద చీపురు విసిరే అక్క ఒకతె ఉంది మరి! అది నువ్వేనని అమ్మకి చెప్పడానికి ఎస్టేటంతా పోటీలు పడింది.

అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, మా రబ్బరు ఎస్టేటు చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర తుపాకీ పోలీసు. మామయ్య అసలు పేరు అప్పలసామి. తెలుక్ ఆన్సన్‌లో, అదే ఇప్పటి తెలుక్ ఇంటాన్‌లో, జైతూన్ అనే మలాయి పిల్లని ప్రేమించి, కలమా చదివి, యూసుఫ్ అయ్యాడు. మలాయి భాషలో నవలలు మొదలుపెట్టాడు. పెనాంగు నుంచి వచ్చే నెలపత్రికలో అవి వరసగా పడేవి. గేటు పోలీసు మాట్ నూర్ డ్యూటీ దిగాక మా కూలీల లైనిళ్ళ వరండాలో కూర్చుని పైకి చదివేవాడు. మావాళ్ళకి సగం అర్థమయ్యేది, మిగతా సగం కల్పించుకునేవారు. చదువు మొదలవగానే అమ్మ మూతి తిప్పుకుని వెనక వంటింట్లోకి వెళ్ళిపోయేది.

అందరికంటే ముందు వచ్చి చాపేసుకునేది పెద్ద కంగాణీ కాంతయ్య. కూలీలకి పని పంచేది ఆయనే, తగువులు తీర్చేదీ ఆయనే. ఆయన మీసం చూస్తే మా నాన్న దొరసామికి మాట పెగిలేది కాదు.

యాభై ఏడులో, ఇంకో రెండు వారాల్లో మెర్డెకా, అదే మలయా స్వతంత్రం, వస్తుందనగా, నా పెళ్ళి కుదిరింది. స్వతంత్రానికని తెచ్చిన రంగుకాగితాలే సగం మా పందిరికెక్కాయి. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ మోసుకొచ్చి పీటల మీద దించాలి. నాకున్నది ఒక్కడే మేనమామ. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిప్పినవాడు. ఆయన మోస్తేనే పెళ్ళి, లేకపోతే లేదని నేను భీష్మించాను.

"తురకల్లో కలిసినోడు పెళ్ళికూతురి బుట్ట ముడితే పందిట్లో ఒక్కడూ ఇస్తరి ముందు కూకోడు," అన్నాడు కాంతయ్య.

"దేశానికే స్వతంత్రం ఇస్తన్నారు. మా మావకి బుట్ట మొయ్యడానికి ఇవ్వరేటి?" అన్నాను.

అమ్మ నా నెత్తిన మొట్టింది. "నోర్ముయ్యే! పెళ్ళి ఆగిపోతే నిన్నెవడు సేసుకుంటాడు?" అంది. ఆమె భయం ఆమెది. పిలిచినవాళ్ళు తినకుండా లేచిపోతే ఆ ఎస్టేట్లో మేము తలెత్తుకోలేం.

మర్నాడు నా కబురందుకుని మామయ్య సైకిలేసుకుని వచ్చాడు. మాట్ నూర్ లోపలికి వదలబోతే కాంతయ్య అడ్డం నిలబడ్డాడు. కంచెకి అవతల టోపీ సర్దుకుంటూ మామయ్య, ఇవతల మీసం దువ్వుతూ ఆయన, ఆయన వెనక నేను.

"కలమా సదివినోడివి, పెళ్ళిలో నీకేటి పనిరా?"

"మంత్రాలు సదవను, అచ్చింతలు ముట్టను కంగాణీగోరూ. పిల్లని మోస్తాను, అంతే. మా ఇంటిది కూడా మొయ్యమనే అన్నాది."

"కుదరదు."

"సరే, ఎల్తాను మరి," అని మామయ్య సైకిలు తిప్పాడు.

కాంతయ్య గొంతు సవరించుకున్నాడు. "ఒరే, ఆగు. ఆ సల్మా..."

సల్మా అంటే అప్పుడు నడుస్తున్న నవల్లో పిల్ల. పడవ తిరగబడి పేరాక్ నదిలో పడిపోయింది. అక్కడే ఆ నెల కథ ఆపేశాడు మామయ్య.

"బతుకుద్దా, లేదా? ముందటి కతలో పిల్లని జొరంతో సంపేసినావు. నాకు మూడు పూటలు కూడు సయించలేదురా!"

మామయ్య నదిని కళ్ళారా చూస్తున్నట్టు మొహం పెట్టాడు. "ఏటి సెప్పను? ఆకరి ముక్క రాయాలింక. మేనకోడల్ని ఎత్తుకుంటే సేతులకి బలం వస్తాది, సల్మాని ఒడ్డుకి లాగుతాను. లేదంటారా... నీళ్ళు శానా లోతు కంగాణీగోరూ."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. అబ్బబ్బ, ఏం నాటకం!

ఆ సాయంత్రం పెద్దల ముందు కాంతయ్య తీర్పు చెప్పాడు. "బుట్ట మొయ్యడం పూజ కాదు, మోతపని. ఈ ఎస్టేట్లో మోతపని ఎవడికి ఒప్పసెప్పాలో సెప్పీది నేను. యూసుఫ్ మోస్తాడు." పెద్దలందరూ తలలూపారు. వాళ్ళకీ సల్మా కావాలి.

అమ్మ మాత్రం ఆ తీర్పు వినగానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళిరోజు మామయ్య పందిట్లోకి వచ్చినా తల తిప్పి చూడలేదు.

చీనా కూరగాయలవాడి దగ్గర తెచ్చిన పెద్ద వెదురుబుట్టలో నన్ను కూర్చోబెట్టారు. రేషను బియ్యం తిని కూడా అంత లావెలా ఎక్కానో నాకే తెలీదు. కలం తప్ప ఏదీ ఎత్తని మనిషి మామయ్య. బిస్మిల్లా అని బుట్టని పొట్టకి ఆనించి లేపాడు. పందిరి సగం దాటేసరికి బుట్ట ఒక పక్కకి ఒరిగింది. మగాళ్ళందరూ చూస్తూ నిలబడ్డారు. మొయ్యనివ్వడం వేరు, ముస్లింతో కలిసి చెయ్యి వెయ్యడం వేరు. కాంతయ్య కూడా నేలచూపులు చూశాడు. అవమానంతో నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు కదిలింది మా అమ్మ. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, బుట్టకి రెండో వైపు పట్టుకుంది.

"మా తమ్ముడు ఒక్కడూ మొయ్యలేడు. నానూ మోస్తాను. తిననోళ్ళు ఇప్పుడే లెగిసి ఎల్లిపోండి!" అని అరిచింది.

ఒక్కడు లేస్తే ఒట్టు.

మామయ్య కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. నా తల మీదుగా వంగి గుసగుసగా అన్నాడు. "అక్కా, కంగాణీకి అబద్దం సెప్పినాను. ఆకరి ముక్క ఎప్పుడో అచ్చుకి పంపేసినాను. సల్మా సచ్చిపోనాది."

"తెలుసులే," అంది అమ్మ, బుట్ట పైకి ఎగదోస్తూ. "వంటింట్లో కూకుని నీ కతలన్నీ ఇన్నాను. ఒక్క ఆడపిల్లనైనా బతకనిచ్చినావేటిరా? దీన్నైనా పడెయ్యకుండా నడు."