నోరు మెదపని తేదీలు

మూడో కేంద్రం నుంచి వచ్చిన ఫైలు మళ్లీ మొరాయించింది. ఆమె కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, తెర మీద ఎర్రగా తేలిన వరుసలను ఒక్కొక్కటే సరిచేసుకుంటూ పోతోంది. గుండె ఆస్పత్రిలో మెట్ల కింద ఇరుకు గది ఆమెది. ఊళ్లలో ఉన్న చిన్న కేంద్రాలు రోగుల పట్టికలు పంపుతాయి. ఛాతీలో అమర్చిన యంత్రానికి బ్యాటరీ ఎప్పుడు మార్చాలో వాటిలో ఉంటుంది. ఆమె రాసిన ప్రోగ్రాం ఆ తేదీలు చదివి రోగుల ఫోన్లకు మెసేజ్ పంపుతుంది.

అందరికీ ఆమె తారీఖుల పిన్ని. పొట్టిగా, బొద్దుగా, మెడకు పట్టీతో, కుర్చీ వెనక దిండు పెట్టుకుని కూర్చునే మనిషి. ఆ మెడనొప్పి గురించి ఇంట్లో ఎవరికీ చెప్పదు. అత్తగారి మాత్రలు, మొగుడి చొక్కాలు, కూతురి పరీక్షలు అన్నీ ఆమెకు గుర్తే. ఆమె సంగతి గుర్తుపెట్టుకునే వాళ్లే లేరు. "అడగందే అమ్మయినా పెట్టదే పిల్లా" అని తల్లి నెత్తీ నోరూ కొట్టుకునేది. ఈవిడ అడిగిన పాపాన పోలేదు.

ఫోన్ మోగింది. మెసేజ్‌ల గురించి ఎవరడిగినా కింద కౌంటరు వాళ్లు ఈ గదికే కలుపుతారు.

"నేను దర్జీనమ్మా. బ్యాటరీ మార్చడానికి మే నాలుగున రమ్మని వచ్చింది. డాక్టరుగారేమో ఈ నెల మొదట్లోనే అన్నట్టు గుర్తు. ఇప్పటికే దాటిపోయిందేమోనని..."

ఆమె అతని రోగి నంబరు అడిగి తెర చూసింది. "కంప్యూటర్లో మే నాలుగే ఉంది బాబాయ్‌గారూ. అదే ఖాయం."

"అంతేలెండి. వయసు మీద పడింది, ఒక్కటీ గుర్తుండి చావదు. మీ పని చెడగొట్టాను, ఏమీ అనుకోకండి."

ఫోన్ పెట్టేసినా ఆ గొంతు ఆమెను వదల్లేదు. గొడవపడే మనిషయితే ఈపాటికి మరిచిపోయేది. అంత తేలిగ్గా ఒప్పుకున్నాడేమిటని మనసు పీకింది. భోజనం డబ్బా మూత కూడా తీయకుండా మూడో కేంద్రం పంపిన అసలు ఫైలు తెరిచి దర్జీ వరుస వెతికింది.

గడిలో కంటికి కనబడేది ఐదు, నాలుగు. అంటే ఏప్రిల్ ఐదు. ప్రోగ్రాం చదివింది మాత్రం మే నాలుగు. పట్టికలో తేదీ అన్నది పైకి వేసుకున్న చొక్కా, లోపల కంప్యూటరు దాచుకునేది వట్టి అంకె, ప్రోగ్రాం చదివేది దాన్నే. ఆ అంకె నిజంగానే మే నాలుగుది.

ఆ కేంద్రంలో నర్సుకు ఫోన్ చేసింది.

"కొత్త కంప్యూటర్ వచ్చిందిగా మేడమ్. అందులో నెల ముందుంటుందట. మేం మాత్రం ఎప్పటిలాగే రోజు ముందు కొడుతున్నాం."

నెల పన్నెండు దాటదు కాబట్టి పదిహేను, ఇరవై లాంటి తారీఖులు ఆ కంప్యూటరుకు అర్థంకాక వట్టి అక్షరాలుగా మిగిలిపోయాయి. ఎర్రగా తేలి గోల చేసినవి అవే. వారాల తరబడి నర్సును తిట్టుకుంటూ ఆమె దిద్దింది వాటినే. అవన్నీ సరైన తేదీలే. పన్నెండులోపు తారీఖులు మాత్రం రోజూ నెలా తారుమారై, సరైన తేదీల్లాగే గడిలో కుడివైపుకు బుద్ధిగా ఒదిగి కూర్చున్నాయి. వాటి వంక ఆమె కన్నెత్తి చూడలేదు. నోరు లేని బతుకు తనకు తెలియనిదా? అయినా చూడలేదు.

పై అధికారికి చెబితే ఆయన నింపాదిగా, "ఎవరూ కంప్లయింట్ చేయలేదుగా?" అన్నాడు.

"చేయరు సార్. అదే భయం" అంది, పన్నెండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి గొంతు పెంచి.

తేదీ తారుమారైన వాళ్ల పేర్లన్నీ తీసి ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. ఒకావిడ తిట్టింది, ఒకతను రెండుసార్లు చెప్పించుకున్నాడు, అందరూ రేపే వస్తామన్నారు. దర్జీ ఒక్కడే ఎత్తలేదు. సాయంత్రం దాకా చేసి, పట్టికలో ఉన్న చిరునామా పట్టుకుని బస్సెక్కింది.

సందు మొగలో ఒకే గది, ముందు సగం కొట్టు, వెనక సగం ఇల్లు. గుమ్మంలో చెప్పులు చాలా ఉన్నాయి. లోపల గోడకు ఆనుకున్న ముసలావిడ తలెత్తింది.

"బట్టల కోసమా అమ్మా? ఇవాళ ఇవ్వలేం. ఆయన పోయాడు."

"నేను ఆస్పత్రి నుంచి..."

"మీరేనా! మే దాకా ఢోకా లేదన్నారట కదా. ఎన్నాళ్లకో నిశ్చింతగా కూర్చున్నాడు తల్లీ. భోజనమయ్యాక మిషను మీద తల వాలిస్తే కునుకేమో అనుకున్నా. లేపబుద్ధి కాలేదు."

సరేనని తలూపి వెళ్లిపోవచ్చు. జీవితమంతా ఆమె చేసిందదే. కానీ అక్కడే నేల మీద కూర్చుంది.

"ఆ తేదీ తప్పమ్మా. ఆయనకు గుర్తున్నదే నిజం. నేనే కాదన్నాను."

ముసలావిడ మిషను వైపు తిరిగింది. ఎవరో దీపం వేశారు. కిటికీ పక్క మిషను మీద పసివాడి చొక్కా ఉంది. ఒక చెయ్యి కుట్టడం అయింది, రెండోది సగం దాకా వచ్చి ఆగింది, సూది ఇంకా గుడ్డలోనే దిగి ఉంది.